నడుము ఎత్తు దాకా ఊడిన గోడ

ఇల్లు ఒకటే అనుకోండి. అది నరసరావుపేటలో ఉంది, చిలకలూరిపేటలో ఉంది, పర్చూరులో ఉంది, ఒంగోలు పాత వీధుల్లోనూ ఉంది. ముందు పంచ, లోపల హాలు, దాని పక్కన రేటు వచ్చేదాకా పత్తి గుట్టపోసి ఉంచే గది, వెనక వంటిల్లు, మెట్లెక్కితే మిద్దె మీద ఒంటి గది. హాల్లో గోడకు నేల నుంచి నడుము ఎత్తు దాకా ఒకప్పుడు ఆయిల్ పెయింటు పట్టీ ఉండేది. ముదురాకుపచ్చ, లేదా కాఫీ రంగు. పట్టీకీ పైగోడకూ మధ్య వేలెడు మందాన నల్లగీత. బడిలో, తాలూకాఫీసులో, సర్కారాసుపత్రిలో కూడా ఇదే వరస: పైన వెల్ల, కింద నూనె రంగు.

తర్వాత ఇంట్లో పెళ్ళి కుదిరింది. మిరపకాయల డబ్బు చేతికొచ్చింది. ఆ పట్టీ చూస్తే పాతకాలం ఆఫీసులా ఉందన్నారు పిల్లలు. గోడంతా ఒకే రంగు ఎమల్షన్ వేయించారు. పెళ్ళి ఫొటోల్లో గోడ బ్రహ్మాండంగా ఉంది. రెండో వానాకాలానికి పొక్కులు లేచాయి, ఆ మరుసటేడు పెచ్చులు. చిత్రమేమిటంటే పైగోడకు ఏమీ కాలేదు. ఊడిందల్లా కిందనే, పాత పట్టీ ఉన్నంత మేర, గీత గీసినట్టు. గీకించి, లప్పం పెట్టించి, ఇంకాస్త ఖరీదైన డబ్బా తెచ్చి మళ్ళీ వేయించారు. మళ్ళీ ఊడింది.

"రంగు మంచిదేనమ్మా, గోడే మంచిది కాదు," అంటాడు పెయింటింగు మేస్త్రి.

"పోయినసారీ అదే అన్నావు గదయ్యా," అంటుంది ఇంటావిడ.

గుంటూరు, ప్రకాశం సీమలో ఈ సంభాషణ ఏనాటి నుంచో నడుస్తోంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎంత ఉందో తేలాలంటే గోడనే సాక్షిగా పిలవాలి.

అనుమానితులు ఎప్పుడూ ఉండేవాళ్ళే. డబ్బా నకిలీది. లేదా మేస్త్రి ఎమల్షన్లో నీళ్ళు ఎక్కువ కలిపాడు, ఎనామిల్లో టర్పెంటైనుకు బదులు కిరోసిన్ పోశాడు. లేదా ఎండ, రెంటచింతల పేరు పేపర్లో చూస్తేనే చెమట పట్టే ప్రాంతం మనది. ఇవేవీ కాకపోతే నేల. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాదిని కుదిపి గోడకు ఏటవాలు పగుళ్ళు తెప్పిస్తుంది. తాగిన నీటిని త్వరగా వదలదు. ఆ చెమ్మ పునాది సందుల్లోంచి గోడలోకి పాకుతుంది. ఊళ్ళో ఎవర్నడిగినా వేలు చూపించేది దీనివైపే: రేగడి నేల, చెమ్మ, అంతే.

నమ్మబుద్ధేసే మాట. చెమ్మ గోడలో పైకెక్కేది మామూలుగా ఒక మీటరు దరిదాపుల దాకా. పట్టీ ఎత్తూ ఇంచుమించు అంతే. రెండూ ఇలా కొలిచినట్టు సరిపోవడంతో ఇక వేరే సాక్ష్యం ఎవరూ వెతకలేదు. నా ఉద్దేశంలో ఈ ముడి ఇన్నేళ్ళు విడకపోవడానికి కారణం ఆ సరిపోలికే.

ముందుగా తలుపు సంగతి చూడండి. అదే ఇంటి సింహద్వారం టేకుది. దాని మీద ఆయిల్ పెయింటు పొర మీద పొర పడి ఉంది. అదే ఎండ, అదే వాన, అదే మేస్త్రి. గోడ పట్టీకి తెచ్చిన డబ్బాలో మిగిలిన రంగు తలుపు వెనక్కి పోవడమూ మామూలే. తలుపు మీద రంగు వెలిసింది, అక్కడక్కడ చిట్లింది, కానీ గోడ మీదిలా పలకలు పలకలుగా లేచి రాలేదు. కిటికీ చువ్వలూ అంతే, తుప్పు తిన్న చోట తప్ప. ఇప్పుడు చాలా ఇళ్ళలో గడపకు రోజూ పసుపు రాసే ఓపిక లేక పసుపుపచ్చ ఎనామిల్ వేసి, కుంకుమ బొట్లు కూడా ఎర్ర రంగుతోనే పెట్టేస్తున్నారు. కర్ర గడప మీద అది ఏళ్ళ తరబడి ఉంటుంది. అత్తగార్లు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

అంటే రంగు, మేస్త్రి, ఎండ ముగ్గురూ దాదాపు నిర్దోషులే. కర్రలోనూ ఇనుములోనూ లేనిదేదో గోడలో ఉంది.

ఇక అసలు సాక్ష్యం నేల మీద పడి ఉంది. పొద్దున్నే చీపురుతో ఊడ్చి పారేస్తున్నది అదే. రాలిన పెచ్చును తీసుకుని వెనక్కి తిప్పాలి. ముందువైపు అన్ని పెచ్చులూ ఒకేలా ఉంటాయి. వెనకవైపు అలా కాదు. ఒకే హాల్లో మూడు రకాలు దొరుకుతాయి.

మొదటి రకం పెచ్చు పల్చగా, సాగుతూ ఉంటుంది. అంచు పట్టుకుని లాగితే జానెడు వెడల్పున వస్తూనే ఉంటుంది. వెనకభాగం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. అది వదిలిన చోట పాత ఆకుపచ్చ ఎనామిల్ చెక్కు చెదరకుండా మెరుస్తుంటుంది. రెండో రకం మందంగా ఉంటుంది, వంచితే టక్కున విరుగుతుంది. ఎమల్షన్, లప్పం, ఎనామిల్ అన్నీ కలిసి ఒకే పలకగా వస్తాయి; వెనక తెల్లటి పొడి. గోడను చేత్తో తడిమితే అరచేతికి సున్నం అంటుతుంది. మూడో రకం తక్కువగా కనిపిస్తుంది గానీ చూస్తే మర్చిపోరు. వెనక జిగటగా, పసుపు తిరిగి ఉంటుంది. తడి వేలితో రుద్దితే సబ్బు అరిగినట్టు జారుతుంది.

ముగ్గురు వేర్వేరు దొంగలు ఒకే ఇంటికి కన్నం వేశారన్నమాట. మనం ఇన్నాళ్ళూ ఒకణ్ణే వెతికాం.

మొదటివాడి జాడ మిద్దె మీది గదిలో దొరుకుతుంది. ఆ గది గోడకూ ఒకప్పుడు పట్టీ ఉంది, పెళ్ళికి దాని మీదా ఎమల్షన్ వేశారు. నేల నుంచి చెమ్మ అక్కడికి రాదు. అయినా పెచ్చులూడాయి. ఆ గదిలో ఏరిన పెచ్చులన్నీ మొదటి రకమే, వెనక నున్నటివే. కాబట్టి ఈ నేరానికి రేగడి నేలను పట్టుకోవడం అన్యాయం.

జరిగిందేమిటంటే, ఎమల్షన్ అంటే నీళ్ళలో తేలే అతి సన్నని ప్లాస్టిక్ గుళ్ళు. నీరు ఆరుతున్నకొద్దీ గుళ్ళు దగ్గరకు ఒత్తుకుని ఒక పొరగా అతుక్కుంటాయి. ఆ పొర గోడను పట్టుకోవాలంటే గోడకు గరుకుదనమో రంధ్రాలో ఉండాలి. బాగా ఎండిన ఎనామిల్‌కు ఆ రెండూ లేవు; మెరిసేందుకే దాన్ని తయారుచేశారు. పైగా ఆ పట్టీ వేసిందే గోడ మాయకుండా: తలనూనె మరక, మంచం కోడు రాపిడి, గుమ్మం దాటేటప్పుడు మిరపకాయ టిక్కీల ఒరుపు, పిల్లల చేతులు, వంటింటి పక్క గోడకు తాలింపు జిడ్డు. ఏళ్ళ తరబడి తుడిచినా పల్చటి జిడ్డు పొర ఉండిపోతుంది. దాని మీద నీళ్ళ రంగు పూస్తే పైకి ఆరుతుంది, కింద పట్టు దొరకదు. వానాకాలం గాలిలో తేమ పెరిగి పొర కాస్త మెత్తబడిందంటే ఎక్కడో ఒక చోట లేస్తుంది. ఆ తర్వాత పిల్లల వేళ్ళు మిగతా పని పూర్తిచేస్తాయి.

కింద ఉన్నది ఏ జాతి రంగో తెలియనప్పుడు ఒక చిట్కా ఉంది. ఫర్నిచర్ పాలిష్ వాళ్ళు వాడే స్పిరిట్‌తో గుడ్డ తడిపి ఒకచోట గట్టిగా రుద్దండి. ఎమల్షన్ అయితే మెత్తబడి గుడ్డకు రంగు అంటుతుంది. ఎనామిల్ అయితే మురికి వస్తుంది గానీ రంగు కదలదు.

రెండో, మూడో రకం పెచ్చుల కోసం మాత్రం కొంచెం వెనక్కి, పల్నాడు దాకా వెళ్ళాలి. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయిలోనే. అదే జాతి రాయిని కాల్చి సున్నం తీసే బట్టీలతో పిడుగురాళ్ళకు లైమ్ సిటీ అని పేరొచ్చింది. రాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోసి చల్లార్చి గోడకు కొడితే గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. ఏటా సంక్రాంతికి, చిటికెడు నీలిమందు కలిపి కొట్టిన వెల్ల అదే. నిన్నటి పొరకూ ఇవాళ్టి పొరకూ జాతిభేదం లేదు కాబట్టి పోట్లాడుకోవు. పొడిపొడిగా రాలుతుందే తప్ప పొక్కులు లేవదు. గోడలో చెమ్మ ఉన్నా దాని సందుల్లోంచి బయటికి ఆరిపోతుంది.

దాని మీదకు నూనె రంగు వచ్చింది. పూర్వం ఆయిల్ పెయింటంటే అవిసె నూనెలో నూరిన రంగుపొడి. అవిసె నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చి గట్టిపడుతుంది. అన్ని నూనెలకూ ఈ గుణం లేదు. మన సీమలో కావలసినంత దొరికే పత్తిగింజల నూనె సగమే ఆరుతుంది. ఆరే గుణానికి కొలతగా రసాయనవేత్తలు అయోడిన్ విలువ అనే లెక్క వాడతారు. అవిసె నూనెకది 170 పైన, పత్తిగింజల నూనెకు 100 కాస్త దాటి. అందుకే పత్తిగింజల నూనె వంటకూ సబ్బుకూ పోయింది, రంగు డబ్బాలోకి పోలేదు. మాటలో మాట, అవిసె నూనె పీల్చిన నూలు గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరే క్రమంలో పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. పత్తి నిలవ ఉన్న ఇంట్లో ఆ పని అసలే వద్దు.

1920లలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ రసాయనవేత్త రాయ్ కీన్లే నూనెను ఆమ్లాలతో, ఆల్కహాళ్ళతో ముడివేసి ఆల్కిడ్ రెసిన్ తయారుచేశాడు. నేటి ఎనామిల్ డబ్బాల్లో ఉన్నది ఆ కుటుంబమే. త్వరగా ఆరుతుంది, బాగా మెరుస్తుంది. కానీ దాని ముడులు కూడా నూనె ముడుల్లాంటివే, క్షారం తగిలితే విడిపోతాయి. నూనె, క్షారం, కాస్త తడి: సబ్బు కాచేవాడికి కావలసినవి ఈ మూడే. తాజా సున్నం క్షారం. తాజా సిమెంటు మరీ ఘాటైన క్షారం. అందులో సోడియం, పొటాషియం క్షారాలు కూడా ఉంటాయి. వాటి మీద ఎనామిల్ వేసి, వెనక నుంచి చెమ్మ అందిస్తే రంగు అడుగుభాగం మెల్లగా సబ్బవుతుంది. మూడో రకం పెచ్చు వెనక వేలికి జారింది అదే.

అయితే ఆ జిగట పెచ్చులు గోడంతా ఎందుకు లేవు? ఎక్కడెక్కడ దొరికాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోతే ఒక ఆకారం తేలుతుంది. నిట్టనిలువు గీతలు. స్విచ్‌బోర్డు నుంచి ప్లగ్ దాకా ఒకటి, కుళాయి గొట్టం పోయిన దారిన ఒకటి, కిటికీ కింద మొద్దులాంటి మచ్చ ఒకటి. చెమ్మ ఇలా గీతలు గీయదు. గీసినవాడు ఎలక్ట్రీషియన్. పూర్వం వైర్లు చెక్కపట్టీల మీద గోడ బయటే నడిచేవి. తర్వాత గోడలో గాడి కొట్టి పైపులు దింపి, సిమెంటుతో పూడ్చి, వారం తిరక్కుండా పట్టీ రంగు పూసేశారు. గీకి చూస్తే మిగతా గోడలో ఎనామిల్ కింద వెల్ల పొరలుంటాయి, ఈ గీతల్లో వెల్ల లేదు, నేరుగా సిమెంటే.

దీన్ని రుజువు చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న సీమలో పసుపుకు కరువా. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయని దిష్టి తీసే ప్రతి ఇంటికీ తెలుసు. పసుపు క్షారాన్ని పట్టిచ్చే గూఢచారి. బయటపడిన గోడను కాస్త తడిపి, పసుపు నీళ్ళలో ముంచిన తెల్లగుడ్డ అద్దండి. ఘాటు క్షారం ఇంకా ఉంటే గుడ్డ ముదురెరుపు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి గాలి పీల్చి రాయిగా మారిన పాత వెల్ల మీద ఆ ఎరుపు అంతగా రాదు. మట్టిగోడ మీద పసుపు పసుపుగానే ఉంటుంది. ఇంజనీర్లు ఇదే పనికి ఫినాఫ్తలీన్ వాడతారు, గులాబీ రంగు వస్తుంది. నాకు మన దిష్టినీళ్ళే చాలనిపిస్తుంది.

కొత్త సిమెంటు పూత మీద ఏ రంగైనా వేయడానికి కనీసం నెల ఆగమంటారు, నూనె రంగుకైతే ఇంకా ఎక్కువ. పెళ్ళిపందిరి వేసే వారం ముందు గాడి పూడ్చే ఇంట్లో ఈ మాట ఎవరు వింటారు?

రెండో రకం పెచ్చు, వెనక సున్నప్పొడి అంటినది, మిగిలింది. ఇక్కడ రసాయనం పాత్ర తక్కువ, బలహీనత పాత్ర ఎక్కువ. ఎన్నో సంక్రాంతుల వెల్ల, మధ్యలో జిగురు కలిపిన పొడి డిస్టెంపర్, అన్నీ కలిసి గోడ మీద ఒక పొడి దుప్పటి. వెల్లకు ఆ పొడితో ఇబ్బంది లేదు, దాని బరువెంత. ఎనామిల్ అలా కాదు, గట్టిపడుతూ ముడుచుకుంటుంది, కింది పొరను గుంజుతుంది. దాని మీద లప్పం, దాని మీద ఎమల్షన్, దాని మీద ఇంకో ఎమల్షన్. ప్రతిసారీ ఇంకాస్త ఖరీదైన, గట్టి పొర పడుతుంటే అడుగున పొడి మాత్రం అదే పొడి. ఒక దశలో అది మొత్తాన్నీ వదిలేస్తుంది. ఇంటివాళ్ళు ఎంత ఎక్కువ ఖర్చు పెడితే గోడ అంత పెద్ద ముక్కలుగా ఊడటంలోని రహస్యం ఇదే.

ఇక్కడ మేస్త్రీలు చెప్పే సూత్రం ఒకటుంది: నీళ్ళ రంగు మీద నూనె రంగు వేయొచ్చు, నూనె రంగు మీద నీళ్ళ రంగు వేయకూడదు. మొదటి రకం పెచ్చు విషయంలో సూత్రం సరిగ్గా పలికింది. మిగతా రెండింటిలో అదే సూత్రం గోడను ముంచింది. పొడి వెల్ల కూడా నీళ్ళ రంగే గదా అని దాని మీద ఎనామిల్ వేయడానికి ధైర్యమిచ్చింది అదే. రంగు మీద రంగుకు ఆ మాట చాలావరకు చెల్లుతుంది. సున్నం మీద, సిమెంటు మీద చెల్లదు.

నూనెకూ నీళ్ళకూ మధ్య ఈ తగువులో మన మేస్త్రి ఒంటరివాడేమీ కాదు. 1495, 1498 మధ్య మిలాన్‌లోని సాంతా మారియా దెల్లే గ్రాత్సియే మఠం భోజనశాల గోడ మీద లియొనార్డో డావించి లాస్ట్ సప్పర్ వేశాడు. తడి సున్నం మీద నీళ్ళ రంగుతో గబగబా వేసే పద్ధతి ఆయనకు గిట్టలేదు, నింపాదిగా దిద్దుకోవాలి. అందుకని ఆరిన గోడకు పూతలు పూసి, వాటి మీద నూనె, గుడ్డుసొన కలిసిన రంగులు వాడాడు. గోడలో చెమ్మ ఉంది. 1517లో చూసిన ఆంతోనియో దె బియాతిస్ అనే యాత్రికుడు బొమ్మ అప్పటికే పాడవుతోందని రాసుకున్నాడు. 1978లో మొదలైన ఆఖరి మరమ్మతు 1999 దాకా సాగింది. మన హాలు పట్టీ దాని ముందు ఏపాటిది.

అసలు ఈ గోడ మీద ఏ పొర ఎప్పుడు పడిందో చూడాలనుకుంటే ఒకచోట గరుకు కాగితాన్ని తడిపి గుండ్రంగా రుద్దాలి. మధ్యలో లోతుగా, అంచులకు వచ్చేసరికి తేలిగ్గా రుద్దితే రూపాయి బిళ్ళంత చోటులో పొరలన్నీ వలయాలుగా బయటపడతాయి. నట్టనడుమ సున్నం తెలుపు, కొంచెం నీలి ఛాయతో. తర్వాత లేత పసుపో గులాబీయో డిస్టెంపర్. దాని చుట్టూ ఎనామిల్, ఒక్కోసారి ఆకుపచ్చ మీద కాఫీ రంగు. అన్నిటికీ బయట ఎమల్షన్. ఈ వలయాలు లోకం నడిచిన వరసనే చెబుతాయి. బొంబాయిలో 1942లో మొదలైన ఏషియన్ పెయింట్స్‌కు 1954లో ఆర్కే లక్ష్మణ్ గీసిన బుడతడు గట్టు, చేత కుంచెతో చిన్న ఊళ్ళ కొట్ల దాకా వచ్చాడు. డిస్టెంపర్, ఎనామిల్ ఇళ్ళలోకి నడిచింది ఆ తరంలోనే. నీళ్ళతో కలిపే గోడరంగు అమెరికాలో 1948లోనే గ్లిడెన్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. మన వలయాల్లో అది అన్నిటికంటే బయట, అంటే అన్నిటికంటే ఆలస్యంగా ఉంది.

డిస్టెంపర్ వలయం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆయిల్ బౌండ్ డిస్టెంపర్ అని డబ్బా మీద రాసి ఉండేది చూసి చాలామంది అది నూనె రంగనుకుంటారు. నూనెను సన్నని బిందువులుగా నీళ్ళలో కలిపి నిలబెట్టిన రంగది, నీళ్ళతోనే పల్చన చేస్తారు. నూనె, నీళ్ళు ఒకే డబ్బాలో కాపురం చేయగలవనడానికి అదే సాక్ష్యం, కాకపోతే ఆ కాపురం ఫ్యాక్టరీలో కుదర్చాలి. ఇంట్లో మిగిలిన ఎనామిల్, మిగిలిన ఎమల్షన్ ఒక బకెట్లో పోసి కర్రతో తిప్పితే విరిగిన పాలే దక్కుతాయి.

రుద్దేటప్పుడు ఒక జాగ్రత్త, ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. పాత ఎనామిల్లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కేంద్ర నిబంధనలు 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చాయి. అంతకు ముందటి పట్టీని పొడిగా గీకి ధూళి లేపకూడదు. తడిపి రుద్దాలి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు, రాలినదాన్ని ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తాలి. రాలిన పెచ్చు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

మరి రేగడి నేల? దానికి పూర్తి విడుదల లేదు. పాత ఫొటోలు ఉంటే చూడండి, ఎమల్షన్ వేయకముందు నల్లగీతకు సరిగ్గా పైన, వెల్ల మీద, తెల్లటి ఉప్పుపూత వరసగా పూసి ఉంటుంది. చవుడు అని సరిపెట్టేవాళ్ళు. అది పట్టీకి పైనే ఎందుకు పూయాలి? చెమ్మ గోడలోంచి బయటికి ఆరిపోయే దారిని కింద ఎనామిల్ మూసేసింది. దారి దొరక్క అది ఇంకా పైకి పాకి, వెల్ల మొదలైన చోట బయటపడి, తెచ్చిన ఉప్పును అక్కడ వదిలింది. గోడకు ఊపిరి ఎక్కువ అవసరమైన ఎత్తునే మనం ముక్కు మూశాం. పట్టీ, చెమ్మ ఒకే ఎత్తులో ఉండటం ఒకరి నేరం మరొకరి మీద పడటానికి పనికొచ్చింది. చెమ్మ ఒక్కతే అయితే వెల్లను పొడిగా రాల్చేది, అంతకు మించి చేయలేకపోయేది. సిమెంటు గీతల్లో నూనెను సబ్బు చేయడానికి, పొడి పొరను వదులు చేయడానికి తడి అందించి తోడుదొంగ అయింది.

ఇక మందు పెచ్చు వెనక్కి చూసే వేయాలి, ముందువైపు చూసి కాదు. ఒక రకానికి పనికొచ్చేది ఇంకోదానికి చేటు.

జిగట ఉన్నచోట ప్రైమర్ మార్చి, బ్రాండ్ మార్చి లాభం లేదు. సబ్బయిన రంగును సిమెంటు కనిపించేదాకా గీకి, కడిగి, ఆరనిచ్చి, పసుపుగుడ్డ ఎరుపు తగ్గేదాకా ఆగాలి. తర్వాత నీళ్ళతో కలిపే, క్షారాన్ని ఓర్చుకునే సిమెంటు ప్రైమర్. కొట్లో నీళ్ళ ప్రైమర్, టర్పెంటైన్ ప్రైమర్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. చెమ్మ గోడకు రెండోది అడగొద్దు. టర్పెంటైన్ ప్రైమర్ ఆరిన, పాతబడిన గోడకు మంచిదే, పొడిలోకి కొంత ఇంకి దాన్ని బిగిస్తుంది. మన హాలు కింది గోడ అలాంటిది కాదు.

పొడి అంటిన పెచ్చులు వచ్చిన గోడ కూడా పూర్తిగా విప్పాల్సిందే. కింది అంతస్తు పట్టీ అంతా, నిలిచి ఉన్న ఎనామిల్‌తో సహా, పూత దాకా తీసేసి, సుద్దలా రాలే వెల్లను ఇనుప బ్రష్‌తో దులపాలి. ఆ వెంటనే ఎమల్షన్ వేయకుండా ఉట్టి వెల్ల వేసి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటనివ్వమని నా సలహా. ఉప్పు ఎక్కడ పూస్తుందో, చెమ్మ ఎంత ఎత్తు ఎక్కుతుందో అప్పుడే తెలుస్తుంది. గోడ పక్కన వాననీళ్ళు నిలుస్తుంటే దారి మళ్ళించడం, మొక్కల పాదును గోడ నుంచి జరపడం ఏ డబ్బా కంటే ఎక్కువ పనిచేస్తాయి. కొట్టువాడికి ఈ సలహా నచ్చదు, సున్నంలో అతనికి మిగిలేదేముంది.

మిద్దె మీది గది తేలిక. అక్కడ ఎనామిల్ గోడను గట్టిగా పట్టుకునే ఉంది, దాన్ని పీకడం వృథా శ్రమ, పైగా సీసం ధూళి. లేచిన ఎమల్షన్ తీసేసి, బట్టల సోడా కలిపిన నీళ్ళతో జిడ్డు పోయేలా కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడగాలి. సోడా మిగిలితే అదీ క్షారమే. తర్వాత తడి గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. అద్దంలా ఎక్కడా మెరవకూడదు. ఆపైన ఎనామిల్ మీద పట్టేదని డబ్బా మీదే రాసి ఉన్న ప్రైమర్ ఒక కోటు. అది దొరకని ఊళ్ళో పాలిష్ వాళ్ళు వాడే లక్క, స్పిరిట్‌లో కరిగించింది, పల్చగా ఒక చేయి వేసినా మధ్యవర్తిగా నిలుస్తుంది; లక్క కింద నూనె రంగునూ పట్టుకుంటుంది, పైన నీళ్ళ రంగునూ పట్టనిస్తుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోవాలి. దాని మీద ఎమల్షన్ రెండు కోట్లు.

గదంతా వేసే ముందు తలుపు వెనక మూలన చాపంత మేర ఇదే వరసలో వేసి వారం ఆగండి. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా దగ్గర దగ్గర గీతలు పెట్టి చిన్న చిన్న గళ్ళు చేయండి, సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. గళ్ళు టేపుతో లేచొస్తే కడగడంలోనో రుద్దడంలోనో లోపముంది, మళ్ళీ మొదటికి రావాలి. టేపు ఖాళీగా వస్తే మిగతా గోడ మొదలుపెట్టొచ్చు.